కలుపుకున్న వరసలు

కొవ్వొత్తి ముక్కను జిప్పు పళ్ళ వెంట పైనుంచి కిందికి రుద్ది, రన్నరును రెండుసార్లు లాగి చూసి, "ఊఁ, ఇక మాట వింటుంది" అన్నాడు జిప్పులాయన. తెల్లవారి ఇంకా గంట కాలేదు. బస్టాండు ముందు ఫుట్‌పాత్ మీదికి వెళ్ళకముందే ఆయనకు ఇలాంటి పని ఒకటి తప్పదు. గోదాములో పంతొమ్మిది కుటుంబాలు, అరవైకి పైగా బ్యాగులు. బీరువాలన్నా, అలమారాలన్నా వాళ్ళకు ఆ బ్యాగులే. రోజుకు పదిసార్లు తీసి పదిసార్లు మూసే బ్యాగుకు జిప్పు ఎన్నాళ్ళని ఉంటుంది! ఇవాళ బడి సంచీ వంతు వచ్చింది. పక్క తెర వెనక ఉండే మేస్త్రీ కూతురు ఎదురుగా గొంతుక్కూర్చుని చూస్తోంది. ఎనిమిదేళ్ళ పిల్ల, ముందు పళ్ళు రెండూ లేవు.

"తాతా, ఊడిన పళ్ళు మళ్ళీ మొలుస్తాయా?"

"నీకు మొలుస్తాయి. జిప్పుకీ నాకూ మొలవవు."

పిల్ల పకపకా నవ్వి సంచీ లాక్కుని పరిగెత్తింది. ఆయన పట్టకారును, కత్తెరను, రన్నర్ల డబ్బాను గుడ్డలో చుట్టుకున్నాడు. అరవై నాలుగేళ్ళ మనిషి. బక్క పలచన. కళ్ళజోడు ఒక కాడ విరిగితే ట్వైన్ దారంతో చెవికి కట్టుకున్నాడు. కుడిచేతి బొటనవేలి గోరు మాత్రం పొడుగ్గా, గట్టిగా పెంచాడు. వంకరపోయిన జిప్పు పన్నును నిలబెట్టడానికి దాన్ని మించిన పనిముట్టు లేదంటాడు. ఆ గోరు సంగతి తప్ప ఆయన గురించి చెప్పుకోదగ్గది ఏమీ లేదని చూసినవాళ్ళు అనుకుంటారు. అనుకోనివ్వండి.

ఆ గోదాములో ఒకప్పుడు దూది బేళ్ళు ఉండేవి. సిమెంటు నేల మీద గీసిన తెల్ల గళ్ళూ, గళ్ళల్లో అంకెలూ ఇంకా చెరిగిపోలేదు. రెండేళ్ళ కిందట ఊళ్ళకు ఊళ్ళు నీటి పాలైనప్పుడు లారీల్లో తెచ్చి దింపినవాళ్ళు, గడికో కుటుంబం చొప్పున, బేళ్ళ స్థానంలో సర్దుకున్నారు. గడికీ గడికీ మధ్య దుప్పట్లు, టార్పాలిన్లు, ఎవరిదో పెళ్ళినాటి చీర. మేస్త్రీ వాళ్ళది పదకొండో గడి. జిప్పులాయనది పన్నెండులో సగం. మిగతా సగంలో అందరి సైకిళ్ళూ పెడతారు.

మొదట్లో ఎవరికి ఎవరూ ఏమీ కారు. "ఏయ్ పద్నాలుగూ, బిందె తియ్", "ఓ ఆరో నంబరూ, నీ పిల్లాణ్ణి చూసుకో" అని అరుచుకునేవాళ్ళు. ఉన్నది ఒకటే పంపు. ఒకనాడు ఇద్దరు ఆడవాళ్ళు జుట్లు పట్టుకునేదాకా వెళ్ళింది. అప్పుడు మూడో గడిలోని పెద్దమ్మ గరిటె పట్టుకునే వచ్చి మధ్యలో నిలబడింది. "జైల్లో ఖైదీలా మనం, నంబర్లు పెట్టి పిలుచుకోడానికి? వరసలు కలుపుకోండే! వరస కలిశాక తిట్టుకున్నా వినసొంపుగా ఉంటుంది" అంది. అక్కడికక్కడే గరిటె చూపిస్తూ, నువ్వు దీనికి ఆడబిడ్డవి, నువ్వు వాడికి చిన్నాన్నవి అని పంచిపెట్టేసింది. ఆ పంపకంలో లెక్కాపత్రం ఏమీ లేదు. ఒకే మనిషి ఒకరికి అన్నయ్య, వాళ్ళ అమ్మకు అల్లుడు, వాళ్ళ పిల్లలకు తాత అయి కూర్చున్నాడు. ఎవరి నోటికి ఏది తిరిగితే అది.

విచిత్రం ఏమిటంటే, నోటితో అన్నది కొన్నాళ్ళకు చేతుల్లోకి వచ్చింది. వదిన అని పిలిచాక ఆవిడ బిడ్డ జ్వరంతో మూలుగుతుంటే తెర ఇవతల పడుకుని ఉండలేకపోయారు. పొయ్యిలు కలిశాయి. పంపు దగ్గర ముసలివాళ్ళ బిందెలు ముందుకు వచ్చాయి. మేస్త్రీ పరంజా మీదనుంచి పడి కాలు విరగ్గొట్టుకున్నప్పుడు నలుగురు బావమరుదులు తలుపుచెక్క మీద ఆసుపత్రికి మోసుకెళ్ళారు. ఆ ఆసుపత్రిలోనే అతని భార్యకు దుప్పట్లు ఉతికే పని దొరికింది. ఇప్పుడు ఆ కుటుంబానికి అదే ఆధారం.

ఆ మేస్త్రీ జిప్పులాయన్ని బావా అంటాడు. లారీ దిగిన కొత్తల్లోనే అతని బ్యాగు జిప్పు బిగుసుకుపోయి, పిల్ల దగ్గు మందు లోపల ఉండిపోతే, ఈయన గోటితో విప్పి ఇచ్చాడు. "బతికించావు బావా!" అన్నాడు మేస్త్రీ. ముప్పయ్యేళ్ళు పెద్దవాణ్ణి పట్టుకుని బావేమిట్రా అని పెద్దమ్మ నెత్తి మీద మొట్టినా ఆ పిలుపు ఊడలేదు. ఆ బావా అన్న పిలుపే ఇవాళ కొంప ముంచేలా ఉంది.

ఇవాళ ఎనిమిదింటికి గుమాస్తా వస్తాడు. ఊరి చివర కట్టిన గదులను కుటుంబాలకు ఇస్తారు. కుటుంబం అంటే భార్యాభర్తలు, పిల్లలు, వాళ్ళ తల్లిదండ్రులు. అంతే. ఎవరూ లేని ఒంటరివాళ్ళను మాత్రం సగం రోజు ప్రయాణం దూరంలో ఉన్న ఆశ్రమానికి పంపేస్తారు. గోదాములో అలాంటివాడు జిప్పులాయన ఒక్కడే. "పోతే పోతాను, నాదేముంది" అని ఆయన అన్నాడు గానీ, ఆ వారమంతా అన్నం సరిగ్గా తినలేదు. మళ్ళీ కొత్త ముఖాల మధ్య, మళ్ళీ నంబరుగా బతకాలంటే ఆయనకు గుండె జారిపోయింది. అందుకని పెద్దమ్మ తీర్పు చెప్పింది: ఆయన మేస్త్రీ భార్యకు తండ్రి. నిన్న సాయంత్రం రిహార్సల్ కూడా జరిగింది. మేస్త్రీ చేత మావయ్యా అని ముప్పయిసార్లు అనిపించారు. ముప్పై ఒకటోసారి, "సరేలే బావా, గుర్తుంటుందిలే" అన్నాడు. గోదామంతా పొట్టచెక్కలయ్యేలా నవ్వింది.

మేస్త్రీ భార్య మాత్రం నవ్వలేదు. ఆమెకు ఊహ తెలియకముందే తండ్రి పోయాడు, మేనత్త పెంచింది. "నాన్నా అని ఎవర్నీ పిలవలేదు. నోరు రావట్లేదు" అంది తలొంచుకుని. ఇప్పుడూ గ్లాసులో టీ తెచ్చి తెర పక్కన పెట్టి, ఏదో అనబోయి, "టీ" అని మాత్రం అని వెళ్ళిపోయింది.

గుమాస్తా మంచివాడే. జలుబుతో ముక్కు ఎర్రబడిపోయి ఉంది, మాటమాటకీ చేతిరుమాలు తీస్తున్నాడు. రేకుల నీడలో బల్ల వేయించుకుని, ఒక్కో గడి పిలిచి, రెండేళ్ళ కిందటి పాత రిజిస్టరుతో సరిచూసుకుంటూ రాస్తున్నాడు. పదకొండో గడి వంతు వచ్చేసరికి తొమ్మిదిన్నర అయింది.

"మీరూ, మీవారూ, పాప. ఇంకెవరైనా ఉన్నారా?"

"మా... మా నాన్న. పన్నెండో గడి" అంది ఆమె. చేతివేళ్ళు కొంగు అంచును నలిపేస్తున్నాయి.

గుమాస్తా పాత రిజిస్టరు తిరగేసి ఒక పేరు చదివాడు. జిప్పులాయన కూడా అందరితో పాటు అటూ ఇటూ చూశాడు, ఆ పేరు ఎవరిదా అని. రెండేళ్ళుగా ఆ పేరుతో ఆయన్ని పిలిచినవాళ్ళు లేరు మరి. ఆ కంగారులో మేస్త్రీ ఊతకర్రతో ఆయన మడమను పొడిచి, "బావా, నిన్నే పిలుస్తున్నారు!" అన్నాడు.

పంపు దగ్గర బిందె నింపుతున్నామె కూడా ఆగిపోయింది.

"బావా?" గుమాస్తా తలెత్తాడు. "ఈవిడ నాన్నగారని కదా ఇప్పుడే అన్నారు? అంటే మీకు మామగారు కదా?"

మేస్త్రీ నాలుక కరుచుకున్నాడు. ముఖం పాలిపోయింది. అప్పుడు పెద్దమ్మ కదిలింది.

"రెండూనయ్యా!"

"రెండూ ఎలా అవుతాడమ్మా?"

"ఎలా అవుతాడంటే, వీడి అక్కని ఈయనకిచ్చారు. అప్పుడు బావ. ఆ అక్క కూతుర్నే వీడు చేసుకున్నాడు. అప్పుడు మామ. ఊహ తెలిసినప్పటినుంచీ బావా బావా అన్న నోరు, మూడు ముళ్ళు పడగానే మారుతుందా, నువ్వే చెప్పు?"

గుమాస్తా వేళ్ళ మీద ఏదో లెక్కవేసుకున్నాడు. అతని ముఖం మెల్లగా విచ్చుకుంది. "మా ఇంట్లోనూ ఇదే గోలండీ. మా అక్కే మా అత్తగారు. అక్కా అంటే మా ఆవిడకి కోపం, అత్తయ్యా అంటే మా అక్కకి కోపం" అన్నాడు. అందరూ నవ్వారు. మేస్త్రీ చెమట తుడుచుకున్నాడు. గండం గడిచిందనుకున్నారు.

గుమాస్తా కలం కాగితం మీద పెట్టి, మళ్ళీ ఆగాడు. "అరే, ఇక్కడ ఇలా ఉందేమిటి? భార్య లేదు, కూతురు ఒకరు, ఆచూకీ లేదు, వెతకగలరు అని మీరే రాయించారు కదండీ?" అని చదివి, తలెత్తి ఆమె వైపు చూశాడు. అతని ముఖంలో నిజమైన సంతోషం. "అంటే దొరికిందన్నమాట! మాకు చెప్పాలి కదా పెద్దాయనా. ఇరవై ఏడు శిబిరాల్లో ప్రతి నెలా మీ అమ్మాయి పేరు చదువుతూనే ఉన్నారు. పేరు వేరేగా ఉన్నట్టుందే?"

"అది ఇంట్లో పిలుచుకునే పేరు బాబూ" అంది పెద్దమ్మ. కానీ ఈసారి గొంతులో పస లేదు. ఆవిడ జిప్పులాయన వైపు చూస్తోంది. గోదాములో ఎవరికీ ఆ సంగతి తెలియదు. ఆయన ఎప్పుడూ చెప్పలేదు. ప్రతి నెలా ఒకటో తారీకున రన్నర్లు కొనుక్కొస్తానని వెళ్ళేవాడు. శిబిరాల ఆఫీసు గోడ మీద దొరికినవాళ్ళ జాబితా అంటించేది ఆ రోజునే. అక్కడ ప్రతి గడిలోనూ పోయినవాళ్ళు ఉన్నారు కనుక, తన ఏడుపు విడిగా ఎవరి నెత్తిన పెడతాం అనుకున్నాడు.

"అయితే ఈ లైను కొట్టేయనా?" అన్నాడు గుమాస్తా. "ఒక్కటి మాత్రం గుర్తుంచుకోండి. ఇందులో తప్పు చెప్పారని తేలితే మొత్తం కుటుంబానికే గది పోతుంది. మళ్ళీ నన్నేమీ అనకూడదు."

జిప్పులాయన ఆమె వైపు చూశాడు. ఆమె పిల్ల భుజం పట్టుకుని నిలబడింది. కాదంటే ఇప్పటిదాకా వీళ్ళు చెప్పినదంతా అబద్ధమైపోతుంది. కుంటి మొగుడితో, ఈ పిల్లతో రోడ్డు మీద పడుతుంది. అవునంటే... ఆయన రిజిస్టరులోని ఆ లైను వైపు చూశాడు.

"దొరికింది" అన్నాడు. "కొట్టేయండి."

గుమాస్తా పద్ధతైన మనిషి. స్కేలు తీసి, పెట్టి, ఎక్కడా వంకర పోకుండా గీత గీశాడు. వేలిముద్ర వేయించుకున్నాడు. గుడ్డతో సిరా తుడుచుకుంటూ జిప్పులాయన అడిగాడు: "ఈ కాగితం మిగతా శిబిరాలకు ఎప్పుడు చేరుతుందండీ?"

"వారం. మహా అయితే పది రోజులు. ఏం?"

"ఏం లేదు."

తెర వెనక్కి రాగానే ఆమె ఆయన చెయ్యి పట్టుకుంది. ఉతికి ఉతికి పగిలిన చేతులు, బ్లీచింగు వాసన. "నాన్నా, నాకు తెలీదు. ఒట్టు, నాకు తెలీదు నాన్నా. తెలిస్తే నేను..." అని ఏడ్చింది. రిహార్సల్లో రాని మాట, ఎవరూ అడగకుండానే వచ్చేసింది. ఆయన ఆమె తల మీద చెయ్యి పెట్టి, "డ్యూటీకి ఆలస్యమవుతోంది తల్లీ, వెళ్ళు" అన్నాడు. ఆయన కళ్ళల్లో నీళ్ళు లేవు. అది చూసే ఆమెకు భయమేసింది.

ఫుట్‌పాత్ మీద గోనెపట్టా పరుచుకుని కూర్చునేసరికి ఎండ ఎక్కింది. ఒకాయన తోలు బ్యాగు తెచ్చాడు. పాత రన్నరు విరగ్గొట్టి, కొత్తది ఎక్కించి, చివర కుట్టు వేసి ఇచ్చాడు. ఆ మనిషి లాగి చూసి, "ఏం పెద్దాయనా, తలకిందులుగా ఎక్కించావు! పిడి లోపలికి పోయింది" అన్నాడు. రెండేళ్ళలో అలాంటి పొరపాటు చేయలేదు. మళ్ళీ విప్పి సరిగ్గా ఎక్కించాడు.

ఈ పని ఆయన పుట్టు పని కాదు. ఊళ్ళో బడిలో గంట కొట్టేవాడు. నీళ్ళు వీధిలోకి వచ్చిన రోజు మొదటి లారీ ఇంటి ముందు ఆగింది. కూతురు ఎక్కి చెయ్యి చాపింది. ఈయన చేతిలో బట్టల బ్యాగు. సగం మూసిన జిప్పు మధ్యలో పట్టేసింది, ముందుకూ రాదు, వెనక్కీ పోదు. "నువ్వు పదమ్మా, జిప్పు పట్టేసింది, వెనక లారీలో వస్తున్నా" అన్నాడు. ఆ మొదటి లారీ ఎటు వెళ్ళిందో ఎవరూ చెప్పలేకపోయారు. బ్యాగు మాత్రం భద్రంగా గోదాముకు చేరింది. వెధవ బ్యాగు! దాని జిప్పు ఎందుకు పట్టిందో తెలుసుకోవడానికి మొదటిసారి పట్టకారు పట్టుకున్నాడు. అలా ఇది బతుకుతెరువైంది.

కాగితం వెతుకుతోందని రెండేళ్ళుగా తాను కూర్చున్నాడు. ప్రతి నెలా గోడ చూసి వచ్చి, మళ్ళీ నెల దాకా బతికాడు. ఇప్పుడు కాగితం వెతకదు. వెతక్కపోవడం ఒక్కటే అయితే సరిపెట్టుకునేవాడేమో. పది రోజుల్లో ఆ గీత ఇరవై ఏడు శిబిరాలకూ చేరుతుంది. ఎక్కడో ఒక పిల్ల ఆఫీసు కిటికీ దగ్గర నిలబడి మా నాన్న ఎక్కడున్నాడండీ అని అడిగితే, ఆయన కూతురు దొరికిందమ్మా, నువ్వెవరు అని అడుగుతారు. అబద్ధం చెబుతున్నావు, పొమ్మంటారు. ఆ మాట తట్టగానే ఆయన చేతిలోని రన్నరు కిందపడి కాలువలోకి దొర్లింది. వెతకలేదు. గోనెపట్టా మడిచి లేచాడు.

గోదాములో మధ్యాహ్నం పూట మేస్త్రీ, పెద్దమ్మ తప్ప పెద్దవాళ్ళు ఎవరూ లేరు. జిప్పులాయన రెండు చొక్కాలూ, పనిముట్ల మూటా చేతిసంచీలో పెట్టుకోవడం చూసి మేస్త్రీ ఊతకర్ర టకటకలాడించుకుంటూ వచ్చాడు.

"ఎక్కడికి బావా?"

"మావయ్యా అనాలిరా, కాగితం మీద రాశారు" అని జిప్పులాయన నవ్వబోయాడు. "నాలుగు శిబిరాలు చూసొస్తాను."

"నాలుగు కాదుగా, ఇరవై ఏడున్నాయి."

"అయితే ఇరవై ఏడూ చూస్తాను. కాగితం చేరకముందే నేను చేరాలి."

"వెళ్ళి గుమాస్తాకి నిజం చెప్పేస్తాను. గది పోతే పోయింది. ఇంకెక్కడన్నా బతుకుతాం."

"చంపేస్తాను! పిల్లని పెట్టుకుని ఎక్కడ బతుకుతావురా? ఆ మాట మళ్ళీ నోటెంట రానీకు" అని కసిరి, వెంటనే గొంతు తగ్గించాడు. "గదిలోకి మారేటప్పుడు నా పక్కబట్ట కూడా తీసుకెళ్ళండి. ఎండలో వేసి తీసుకెళ్ళండి, నల్లులుంటాయి."

అంతమందికి వరసలు పంచిన పెద్దమ్మ, గరిటె పక్కన పెట్టి, నాలుగు రొట్టెలు కాగితంలో చుట్టి సంచీలో కుక్కింది. "అమ్మాయొచ్చేదాకా ఆగు తమ్ముడూ. చెప్పి వెళ్ళు" అంది.

"అది నాన్నా అంటే వెళ్ళలేనక్కా" అన్నాడు. "ఇంతకుముందు ఒకసారి వెనక వస్తానని ఆగాను. అది చాలు."

బస్టాండు దాకా మేస్త్రీ కుంటుకుంటూ వెంట వచ్చాడు. మూడున్నర బస్సు. కిటికీ పక్క సీటు దొరికింది. బస్సు కదులుతుంటే మేస్త్రీ ఏదో అరిచాడు; బావా అన్నాడో మావయ్యా అన్నాడో ఇంజను మోతలో వినపడలేదు. జిప్పులాయన చెయ్యి ఊపాడు. బస్సు మలుపు తిరిగి, వంతెన కిందనుంచి, ఆయన ఎరగని దారిన వెళ్ళిపోయింది.

ఆసుపత్రిలో షిఫ్టు ఐదింటికి ముగిసింది. ఆమె తిన్నగా గోదాముకు రాలేదు. రోజంతా దుప్పట్లు పిండుతూ ఒకటే అనుకుంది: ఇన్నాళ్ళూ ఆ మనిషి ఎవరు పెడితే వాళ్ళ గిన్నెలో తిన్నాడు, ఇకమీదట మా ఇంట్లో ఆయనకంటూ ఒక కంచం ఉండాలి. దారిలోని గిన్నెల కొట్లోకి వెళ్ళి, అంచు ఎత్తుగా ఉన్న స్టీలు కంచం ఎంచుకుంది. ముసలి చేతుల్లోంచి మెతుకులు కింద పడవని.

"పేరు కొట్టమంటారా?" అన్నాడు కొట్టు మనిషి, చిన్న మిషను చేతిలోకి తీసుకుని.

"కొట్టండి."

"ఏం పేరు?"

ఆమె ఆలోచించింది. పొద్దున గుమాస్తా చదివిన పేరు భయంలో చెవిన పడలేదు. రెండేళ్ళు పక్క తెర వెనక బతికిన మనిషి పేరు తనకు తెలియదని అప్పుడు తెలిసింది. సిగ్గేసింది. తర్వాత సిగ్గు పోయింది.

"నాన్న అని కొట్టండి."

"పేరండీ, పేరు."

"అదే పేరు."

గోదాముకు వచ్చేసరికి పన్నెండో గడిలో సైకిళ్ళు మాత్రమే ఉన్నాయి. మేస్త్రీ చెప్పాడు. మొదట అర్థం కానట్టు విన్నది, మళ్ళీ చెప్పించుకుంది. ఏ బస్సు, ఎటు వెళ్ళింది, ఏమైనా తిన్నాడా అని అడిగింది. పిల్ల వచ్చి, "తాతేడీ?" అంటే, "మీ పిన్నిని తీసుకురావడానికి వెళ్ళాడు" అని చెప్పింది. చెప్పి, గోడవైపు తిరిగి, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. పెద్దమ్మ వచ్చి పక్కన కూర్చుంది. ఒక్కొక్కరూ పనుల నుంచి తిరిగి వచ్చి, సంగతి విని, పదకొండో గడి చుట్టూ చేరారు. తిండి వేళయింది గనుక పొయ్యి వెలిగించారు.

అన్నం వడ్డించేటప్పుడు ఆమె తన వాళ్ళ మూడు కంచాలూ వేసి, పక్కన నాలుగోది కూడా వేసింది. కొట్టువాడు అంటించిన కాగితం చీటీ ఇంకా ఊడలేదు, అంచు మీద చుక్కలు చుక్కలుగా కొట్టిన రెండక్షరాలు చేతికి గరుగ్గా తగులుతున్నాయి.